అప్పలసూరి బాబాయి ముంచిన రైళ్ళు

అప్పలసూరి బాబాయి చేతిలో పడిన ఏ రైలూ ఒడ్డు చేరలేదు. అంటే కంప్యూటర్ ఆటలో. నిజం ఇంజన్లు ముప్పై ఏళ్ళు నడిపి రిటైరై, టికియాపారాలో మా పక్కవాటాలో ఉంటున్నాడు.

ఆటలో ఎండైనా పెట్టుకోవచ్చు, మంచైనా పెట్టుకోవచ్చు. ఆయన వరదే పెట్టేవాడు. పట్టాల మీద నీళ్ళుంటే మనిషి నడిచినంత మెల్లగా వెళ్ళాలి. ఆయన ఒక్కసారిగా వేగం పెంచేవాడు. నడి నీళ్ళలో ఇంజన్ చచ్చేది.

"ములిగిపోనాం. ఇంక ఈ లైను ఇంతే," అని కుర్చీలో వాలిపోయేవాడు. ప్రయాణికులు బొమ్మలే అయినా వాళ్ళ పెళ్ళాంబిడ్డల గురించి అరగంట బెంగపడేవాడు. ఒక్క నెలలో నలభై ఒక్క రైళ్ళు ముంచాడు. టీ ఇస్తే, పాలు విరిగే ఉంటాయని నిట్టూర్చి తాగేవాడు.

మునిగిన ప్రతిసారీ కింది వాటా మనోహర్‌ని పిలుచుకు రమ్మని నన్ను పంపేవాడు. మనోహర్ లోకల్ రైలు డ్రైవరు. నిరుడు వానల్లో ఆయన బండి జనంతో సహా ఐదు గంటలు నీళ్ళలో ఆగిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు, తప్పు ఆయనది కాదనీ తేల్చారు. అయినా మబ్బు పడితే ఆయన డ్యూటీకి వెళ్ళేవాడు కాదు. సెలవు మీద సెలవు పెట్టి, ఇక బండెక్కనని భార్య సత్యవేణికి చెప్పేశాడు. ఆమె మొక్కని దేవుడు లేడు.

మనోహర్ కాళ్ళీడ్చుకుంటూ వచ్చి, బాబాయి నడపడం చూసి తట్టుకోలేకపోయేవాడు.

"నీళ్ళలో అంత స్పీడేటి బాబాయ్? నువ్వు లెగు."

తనే కూర్చుని, హారన్ కొడుతూ, అంగుళం అంగుళం దాటించేవాడు. రేపు తప్పక మునుగుతామని బాబాయి దిగులుగా భరోసా ఇచ్చేవాడు. ఈయన ముప్పై ఏళ్ళు ఎలా నడిపాడా అని నాకు అనుమానమేసేది.

శ్రావణంలో, జోరు వానలో, మనోహర్ డ్యూటీకి వెళ్ళాడు. బండి క్షేమంగా చేర్చానని సత్యవేణికి ఫోన్ చేశాడు. ఆ సాయంత్రం బాబాయి వరద పెట్టి, కుదుపు లేకుండా రైలును షాలిమార్ ప్లాట్‌ఫారానికి చేర్చాడు.

నేను నోరు తెరిచి, ఇన్నాళ్ళూ ఎందుకు ముంచావని అడిగాను.

"నాను దాటించీత్తే ఆడు కుర్సీలో ఎప్పుడు కూకుంటాడు?"

ఆట మూసేసి, పై వాటా జ్యోతిరాణి పదో తరగతి లెక్కల్లో తప్పి గది తలుపు తీయడం లేదట కదా అన్నాడు. మర్నాడు ఆ తలుపు ముందే కుర్చీ వేసుకుని, ఏడెనిమిదులు యాభై నాలుగని గట్టిగా చదువుతూ కనిపించాడు.