తీగ పీకని పరీక్ష

బావ చేతిలో ఏరేటర్ ఇనపకడ్డీ ఉంది. ఆ దెబ్బ చెరువు కాపలా మనిషికి తగలాల్సింది. నేను అడ్డం వెళ్ళడంతో నా పెదవి చిట్లి నోరంతా రక్తమైంది. కాపలా మనిషిని మోటారు షెడ్డులో స్తంభానికి కట్టేశారు. అతని కుడిచెయ్యి మోచేతి కింద వంకర తిరిగి వేలాడుతోంది.

అక్క ఫోన్ చేస్తే గుడివాడ నుంచి బండి మీద దివిసీమకి వచ్చాను. "మీ బావ మనిషిని చంపేసేలా ఉన్నాడు" అంది.

బావకి రెండు రొయ్యల చెరువులు. తెల్లారేసరికి ఒకదాంట్లో రొయ్యలన్నీ చచ్చి తేలాయి. నీళ్ళలో గాలి తగ్గగానే, నీళ్ళని చిలికి గాలి కలిపే ఏరేటర్లని తిప్పాల్సిన పెట్టె, రెండు చెరువుల మీదా, నేను టెస్టులు రాసే మా కంపెనీదే. అందులో ఒక ఆపరేటింగ్ సిస్టం, దానికి తీగతో ఒక సెన్సర్. బావ పొద్దున్నే ఫోన్ చేసి అడిగితే, టెస్టులన్నీ పాసయ్యాయనీ మిషన్లో తప్పు లేదనీ మనిషే పడుకుని ఉంటాడనీ మా యజమాని చెప్పారట. ఆ మాట వినే బావ కడ్డీ తీశాడు.

"తప్పుకో బామ్మర్దీ. నీ భక్తి ఆదివారం చూపించు."

నిన్న ఏం చేశావని కాపలా మనిషిని అడిగాను. సాయంత్రం సెన్సర్ పీకి, పాకుడు కడిగి, మళ్ళీ పెట్టానన్నాడు. చెరువుల మీద అందరూ చేసేదే. పెట్టె ఆపరు, తీగ ఏ రంధ్రంలో దూరితే అందులో పెడతారు.

మా టెస్టు ఏనాడూ తీగ పీకలేదు. సెన్సర్ పోయిందనీ వచ్చిందనీ సిస్టానికి ఒక సందేశం పంపేది, అది సరేననేది, టెస్టు పాసయ్యేది. మా చర్చి సంఘంలో బాప్తిస్మానికి నోటితో ఒప్పుకుంటే చాలదు, మనిషిని కాలవలో ముంచి లేపుతారు. నన్నూ బావనీ ఒకే ఆదివారం ముంచారు. మా టెస్టు మాత్రం ఒడ్డునే నిలబడి, మునిగానని చెప్పింది. ఆ తప్పుడు సాక్ష్యం ఒక మనిషి చెయ్యి విరిచింది.

"ఒక్కసారి చూసి, అప్పుడు నన్ను కొట్టు బావా," అన్నాను.

చచ్చిన చెరువు నీళ్ళు బకెట్టుతో తెచ్చాను. కుళ్ళిన రొయ్యల కంపు. బతికున్న చెరువులోని సెన్సర్ని తీసి అందులో ముంచాను. ఏరేటర్లు నీళ్ళని చీల్చుకుంటూ తిరిగాయి. సెన్సర్ చెరువులో వేస్తే ఆగాయి. అప్పుడు బావ చేత తీగ పీకించి, పక్క రంధ్రంలో పెట్టించాను. సెన్సర్ మళ్ళీ బకెట్టులో ముంచాను.

చెరువు కదల్లేదు. పెట్టె మీద పాత అంకె అలాగే వెలుగుతోంది. తిరిగొచ్చిన సెన్సర్ని సిస్టం కొత్తదనుకుంది. ప్రోగ్రాం పాతదాని కోసమే చూస్తూ కూర్చుంది.

బావ ఇంకోసారి పీకి పెట్టాడు. తర్వాత కడ్డీతో ఆ పెట్టెని, ప్లాస్టిక్ ముక్కలు షెడ్డంతా ఎగిరేదాకా కొట్టాడు. కాపలా మనిషిని కట్టిన తాడు ముడి పళ్ళతో లాగి విప్పాడు.

అవనిగడ్డ ఆసుపత్రికి ముగ్గురం ఒకే బండి మీద వెళ్ళాం. కాపలా మనిషి మా ఇద్దరి మధ్యా కూర్చున్నాడు. దారిలో ఒక్క మాటే అన్నాడు.

"మీ చెరువు మీదకి ఇంక రానండీ."

బండి నడుపుతున్న బావ భుజాలు కదలడం వెనక నుంచి నాకు కనిపిస్తూనే ఉంది.

ఆ వారమే గుడివాడలో కొత్త టెస్టు కట్టాను. రిలేలనే స్విచ్చులు సెన్సర్ తీగని నిజంగానే తెంపుతాయి, ఒక్కోసారి ఒక్కో రంధ్రానికి కలుపుతాయి. సెన్సర్ చెడ్డ నీళ్ళలోకి దిగుతుంది. సిస్టం సరేనంటే నేను ఒప్పుకోను. మోటారు తిరిగితేనే పాస్. మొదటిసారి నడిపినప్పుడు రిలేలు చెంపదెబ్బల్లా టపటపా కొట్టుకున్నాయి. మోటారు తిరగలేదు. తెర మీద ఎర్రగా ఫెయిల్ అని పడింది. యజమాని చూస్తుండగానే, కుట్లున్న పెదవితో, దేవుడికి స్తోత్రం చెప్పాను.