ఒంటి చేత్తో కాదు

బర్మాలోని యాంగోన్‌లో, పజుండౌంగ్ పేటలో, అప్పమ్మ అనే తెలుగావిడ కొట్టుకి సబ్బు కోసం వెళ్లాను. డెబ్బై దాటిన ఆవిడ పెన్సిల్ ముక్క పట్టుకుని ఇంగ్లీషు క్లాసు హోంవర్కుతో కుస్తీ పడుతోంది. ‘నాట్ ఇన్, నాట్ ఆన్, నాట్ విత్’లతో మూడు వాక్యాలు రాయాలట.

“రెండయ్యాయి బాబూ. మూడోది రాయకపోతే టీచరమ్మ ఊరుకోదు.”

“నేనూ ఇంగ్లీషు టీచర్నే, చెబుతా రాయండి,” అంటూ దర్జాగా నా పెన్ను తీసి ఇవ్వబోయాను. ఆవిడ అందుకోలేదు.

“ఏటి బాబూ, పెద్దోలకి ఒంటి చేత్తో ఇచ్చెత్తావా? ఇక్కడ అలాగివ్వరు. ఎడం చెయ్యి కుడి మోచేతికి ఆనించు.”

ఆనించి, కాస్త వంగి మళ్లీ ఇచ్చాను. నవ్వుతూ అందుకుని, నేను నోరు తెరిచేలోపే రాసేసింది: ‘గివ్ ది పెన్, బట్ నాట్ విత్ వన్ హ్యాండ్.’

ఇరవయ్యేళ్లుగా ఆ పాఠం చెబుతున్నాను. ఉదాహరణగా నేనే దొరికిపోవడం మాత్రం అదే మొదటిసారి.