వరమ్మ పిన్ని కుడికాలు

ఏలూరు చేపల మార్కెట్లో వరమ్మ పిన్ని పని చూడాలి. కుడికాలి వేళ్ళతో కత్తిపీట తొక్కిపట్టి కూర్చుందంటే, మనం సంచి విప్పేలోపు శీలావతి చేప పొలుసు పోయి ముక్కలైపోతుంది. మా పక్కిల్లే. డిగ్రీ మధ్యలో వదిలేసి ఆటో తోలుతున్నాను కాబట్టి ఆవిణ్ణి పొద్దున్నే దింపేది నేనే.

పోయినేడు గంజి వార్చేటప్పుడు ఆ పాదం మీదే ఒలికింది. షుగరు మనిషి, పెద్దగా నొప్పి తెలీలేదు. నాలుగు నెలలైనా పుండు మానలేదు.

"ఇంకో నెల చూద్దామండీ. మానకపోతే వేళ్ళు తీసేయాలి" అన్నారు డాక్టరు మానసగారు. పుండు మీద పల్చటి రేకు పరిచారు. "చేపతోలు నుంచి తయారుచేసిందమ్మా. దీని ఆసరాతో మీ చర్మమే మళ్ళీ అల్లుకుంటుంది. ముట్టుకోకండి, అదే కరిగిపోతుంది."

"ముప్పై ఏళ్ళు ఒలిచి పారేసిందాన్ని నాకే అంటిస్తున్నారాండీ" అని నవ్వింది పిన్ని.

నాలుగోరోజు కట్టు తడిసిందని విప్పింది. ఎండిన రేకు అంచు పొలుసులా లేచి ఉంది. చేతి బొటనవేలి గోరు దానంతటదే దాని కిందికి వెళ్ళింది. మొత్తం గీరేసి, కడుక్కుని, శుభ్రంగా కూర్చుంది.

"బుద్ధుందా పిన్నీ?" అన్నాను.

"నువ్వు పరీక్షలు రాశావా ఏంటి, నన్నంటున్నావు?" అంది. గొంతులో మాత్రం జోరు లేదు.

రెండో రేకు వేశారు. ఇదే ఆఖరన్నారు. ఇస్సాకు బాబాయి చేపల చెరువు కాపలాకి సెలవు పెట్టి, మంచం పక్కన కూర్చుని ఆవిడ కుడిచేయి పట్టుకున్నాడు. అన్నం కూడా ఆయనే కలిపి పెట్టేవాడు.

"ఏం బాబాయ్, పెళ్ళిరోజా?" అంది ఎదురింటి పెర్సిస్.

"ఔనమ్మా. నెల్లాళ్ళు."

ఒక మధ్యాహ్నం పిన్ని బతిమాలింది. "దురదండీ. ఒక్కసారి వదలండి."

"వదలను."

"వేళ్ళేగా, పోతే పోనీండి."

"పోతే మార్కెట్ లేదని రోజూ గోడకేసి తిరిగి పడుకుంటావు. అది నేను చూడలేను వరం."

ఆవిడ చేయి లాక్కోలేదు. దురద పుట్టినప్పుడల్లా ఆయన అరచేతినే గోకింది. ఆ చేతినిండా గీతలే.

నెలకి మానసగారు కట్టు విప్పారు. రేకు కరిగిపోయింది. చుట్టూ నుంచి లేతచర్మం కమ్ముకొచ్చి, మధ్యలో కందిగింజంత మిగిలింది.

"వేళ్ళు తీయక్కర్లేదండీ" అన్నారు.

బాబాయి గబగబా వరండాలోకి వెళ్ళిపోయాడు. పిన్ని కాసేపు గుమ్మంవైపే చూసింది.

"మొహం కడుక్కుని రమ్మను ఆయన్ని" అంది నాతో. "ఆకలేస్తోంది, ఇంటికి పోదాం."