తీయకూడనిది, ఉంచకూడనిది

మా డాక్టరు గారు తాత కాబోతున్నారని తెలిసిన వారంలోనే, ఆ పుట్టబోయే బిడ్డ ఎవరికీ చెందదని కూడా తెలిసింది. రెండో సంగతి కనిపెట్టింది ఆయనే. ఒక ఆదివారం మా వంటింట్లో కూర్చుని, ఉప్మా ప్లేటు పక్కకి జరిపి, పేపర్ నాప్కిన్ మీద గీసి మరీ చూపించారు.

"చూడండి. మన లెక్కలో గోత్రం తండ్రి నుంచి వస్తుంది. మా అల్లుడికి గోత్రమే లేదు. వాళ్ళ లెక్కలో యూదుతనం తల్లి నుంచి వస్తుంది. మా అమ్మాయి ఇంకా యూదు కాదు. అంటే అటు సున్నా, ఇటు సున్నా."

"అబ్బాయి మనవాడూ, అమ్మాయి వాళ్ళదీ అయ్యుంటే?" అన్నాను.

"అప్పుడు రెండూ వచ్చేవి. డబుల్! మా ఖర్మకొద్దీ తిరగబడింది."

"అన్నయ్య గారూ, ముందు బిడ్డకి కాళ్ళూ చేతులూ సరిగ్గా వస్తున్నాయో లేదో చూసుకోండి" అంది మా ఆవిడ, ఆయన ప్లేట్లో ఇంకో గరిటె ఉప్మా వేస్తూ.

అవి ఎనభైల మొదటి సంవత్సరాలు. విజయవాడలో ఒక దినపత్రిక డెస్కులో తొమ్మిదేళ్ళు పనిచేసి, మా ఆవిడ నర్సు ఉద్యోగం వెనకాల నేనూ అట్లాంటా వచ్చాను. అక్కడ ఒక చిన్న ఊరి పత్రికలో జననాలు, పెళ్ళిళ్ళు, మరణాల పేజీ చూసేవాణ్ణి. డాక్టరు గారు మా ఆవిడ పనిచేసే ఆసుపత్రిలోనే మత్తు డాక్టరు. వాళ్ళమ్మాయి ఎనిమిదేళ్ళప్పుడు ఈ దేశం వచ్చింది. చదువుకుంది, తనతో చదివిన యూదు కుర్రాణ్ణి చేసుకుంది. డాక్టరు గారింటి హాల్లో తాళి కట్టించాం, మర్నాడు కోర్టులో సంతకాలు పెట్టించాం. అల్లుడు పొడుగ్గా, ఉంగరాల జుట్టుతో, పులిహోర అడిగి పెట్టించుకునే రకం. ఎవరికీ ఫిర్యాదు లేదు.

మతం మారమని ఆ అమ్మాయిని ఎవరూ అడగలేదు, అల్లుడు అసలే అడగలేదు. నేనే ఒకసారి ఉండబట్టలేక కారణం అడిగాను.

"అంకుల్, స్కూల్లో ఫస్ట్ డే నుంచి అందరూ నన్ను 'వాట్ ఆర్ యూ?' అని అడుగుతారు. నేను ఎక్స్‌ప్లెయిన్ చేస్తాను. మళ్ళీ అడుగుతారు. మళ్ళీ చేస్తాను. ఐ యామ్ టైర్డ్. నా బేబీ పుట్టగానే ఒక చోట ఉండాలి. ఫుల్‌గా. ఎవరూ డౌట్ పడకూడదు."

ఆ 'ఎవరూ' అన్న మాటలోనే చిక్కంతా ఉంది. తండ్రి యూదైనా చాలని వాళ్ళలో ఒక శాఖవాళ్ళు ఆ మధ్యే ఒప్పుకున్నారు కానీ, అల్లుడి తల్లి ఆ శాఖ కాదు. బిడ్డ పుట్టేలోపు ఈ అమ్మాయి యూదు అయితే, బిడ్డ పుట్టుకతోనే యూదు. ఒక్కరోజు ఆలస్యమైతే కాదు.

అదృష్టం కొద్దీ ఆమె కడుపుతో ఉండడానికి ఏడాది ముందే రబ్బీ దగ్గరకి వెళ్ళింది. రబ్బీ అంటే వాళ్ళ గురువు గారు. ఆయన వద్దు పొమ్మన్నాడు. రెండోసారీ పొమ్మన్నాడు. మతంలోకి వస్తామన్నవాళ్ళని మూడుసార్లు వెనక్కి పంపడం వాళ్ళ ఆచారం. వచ్చినవాళ్ళ పట్టుదల చూస్తారన్నమాట. ఆ సంగతి అమ్మాయికి తెలుసు. డాక్టరు గారికి తెలియదు. రెండుసార్లు ఫైలు తిప్పికొట్టారంటే సిఫారసు కావాలని ఆయన గుంటూరు అనుభవం. నాచేత ఆ అమ్మాయి గుణగణాల మీద పేజీన్నర రాయించి, లడ్డూల డబ్బాతో సహా తీసుకెళ్ళి రబ్బీ బల్ల మీద పెట్టారు. రబ్బీ ఆసాంతం చదివి, "ఇంత మంచి అమ్మాయికి మాతో పనేముంది?" అని మూడోసారి కూడా పొమ్మన్నాడట. లడ్డూలు మాత్రం ఉంచుకున్నాడు. నాలుగోసారి అమ్మాయి ఒక్కతే వెళితే కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టాడు.

అమ్మాయి తల్లి గోల పెడుతుందనుకున్నాం. ఆవిణ్ణి నేను వదిన గారనే పిలిచేవాణ్ణి. వదిన గారు నిబ్బరంగా ఉన్నారు. "పందిమాంసం ముట్టరు, తల్లి మాట వింటారు, పోయినవాళ్ళని తల్చుకుంటారు. ఇంకేం కావాలి? ఇంట్లో విగ్రహాలుండవట, దానికి తోమే పని తప్పింది" అన్నారు.

గోల తొమ్మిదో నెలలో వచ్చింది, టైపు చేసిన కాగితం రూపంలో. చదువు అయిపోయింది, పరీక్ష అయిపోయింది, ఇక వాళ్ళ స్నానఘట్టంలో మూడు మునకలు వెయ్యడమే మిగిలింది. మునిగేటప్పుడు ఒంటికీ నీటికీ మధ్య ఏదీ అడ్డుండకూడదు. గోళ్ళ రంగు, కంటి లెన్సులు, బ్యాండేజీ, ఉంగరాలు అని జాబితా. చివరి మాట గొలుసులు.

"సూత్రాలు తీస్తావా? అబ్బాయి నిక్షేపంలా ఉండగా?"

"అమ్మా, టెన్ మినిట్స్. మళ్ళీ వేసుకుంటాను."

"అనర్థానికి పది నిమిషాలు చాలవూ? దేవుణ్ణి మార్చుకో, నేనేమన్నా అన్నానా? మెడలోది మాత్రం తీయడానికి వీల్లేదు."

తల్లికి నచ్చజెప్పడానికి అమ్మాయి తన అత్తగారిని పిలిచింది. ఆవిడ వితంతువు, మాటకారి. ఎవరింటికి వెళ్ళినా తన కప్పు తనే సంచిలో తెచ్చుకుంటుంది. ఆ ఒక్క గుణానికి వదిన గారు పడిపోయారు. "అచ్చం మా నాయనమ్మే. ఆవిడా ఇంతే, మడి" అనేవారు. ఆ సాయంత్రం మేమిద్దరం కూడా అక్కడే ఉన్నాం.

"ఒక గొలుసు తీయడానికి ఇంత రాద్ధాంతమా? ఏముంది అందులో?" అంది అత్తగారు.

"ఇది హస్బెండ్ కోసం. ఇది నా మెడలో ఉన్నంతకాలం అతను బాగుంటాడని" అని అమ్మాయి ఇంగ్లీషులో వివరించింది.

"అతనంటే? నా కొడుకా?"

"అవును."

అత్తగారు కప్పు కింద పెట్టింది. "తీస్తే?"

వదిన గారు తనకున్న ఇంగ్లీషంతా కూడదీసుకుని "నాట్ గుడ్" అన్నారు.

"ఈ మాట ఇంతకాలం నాకెవరూ చెప్పలేదేం? ఈ పిల్ల మెడ మీద ఎవరూ చెయ్యి వేయడానికి వీల్లేదు!"

"అమ్మా, నువ్విలాంటివి నమ్మవు కదా" అన్నాడు అల్లుడు.

"నమ్మను. కానీ నీ ప్రాణం మీద పందెం కాయను."

అంతటితో వియ్యపురాళ్ళిద్దరూ ఒక సోఫాలోకి చేరారు. అమ్మాయి ఒంటరిదైపోయింది. రబ్బీకి ఫోన్ చేసింది. వదులుగా వేలాడే గొలుసైతే నీరు కిందికి పోతుంది కాబట్టి చెల్లుతుందని వాదించవచ్చు అన్నాడాయన. "కానీ రేపు ఎవరో ఒకరు తప్పు పడతారు. ఎవరూ వేలెత్తి చూపకూడదనే కదమ్మా నువ్వు వచ్చింది?" అని కూడా అన్నాడు.

మంగళవారం పొద్దున్న రెండు కార్లలో వెళ్ళాం. ఆ స్నానశాల బయటికి పళ్ళ డాక్టరు క్లినిక్‌లా ఉంది. వరండాలో ముగ్గురు రబ్బీలు మడత కుర్చీల్లో కూర్చున్నారు. లోపలి గది తలుపు దగ్గర తువ్వాలుతో ఒక పెద్దావిడ నిలబడింది. మునక సరిగ్గా పడిందో లేదో చూసేది ఆవిడ. బయటినుంచి మంత్రం వినేది రబ్బీలు. అమ్మాయి బాత్‌రోబ్ వేసుకుని వచ్చింది. గోళ్ళు తెల్లగా ఉన్నాయి, చేతులు బోసిగా ఉన్నాయి. మెడలో గొలుసు, రెండు సూత్రాలు, మధ్యన పగడం, అటూ ఇటూ నల్లపూసలు అలాగే ఉన్నాయి. తలుపుకి అటొక తల్లి, ఇటొక తల్లి.

ఒక రబ్బీ వాచీ చూసుకున్నాడు.

అమ్మాయి బెంచీ మీద కూలబడింది. "అమ్మా, నొప్పులు స్టార్ట్ అయితే ఇంక టైమ్ లేదు. నా బేబీకి ఇదొక్కటే అడుగుతున్నాను. ప్లీజ్."

వదిన గారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి కానీ కాళ్ళు కదలలేదు.

అప్పుడు డాక్టరు గారు గొంతు సవరించుకున్నారు. "నాలుగేళ్ళ కిందటి నీ గాల్‌బ్లాడర్ ఆపరేషన్ గుర్తుందా?"

"ఇప్పుడదెందుకు? నా సూత్రాలు తియ్యకుండా ప్లాస్టర్ వేసి అంటించారుగా."

"వేస్తానన్నాను. సర్జన్ ఒప్పుకోలేదు. నువ్వు నిద్రలోకి వెళ్ళాక తీశాను, మెలకువ రాకముందే వేశాను."

వదిన గారు ఆయన్ని నఖశిఖపర్యంతం చూశారు.

"తీశారా?"

"తీశాను. చచ్చానా?"

"ఎక్కడ పెట్టారు?"

"జేబులో పెడితే జారిపోతుందని... నా మెడలోనే వేసుకున్నాను. చొక్కా లోపల. రెండు గంటలు."

"అయ్యో రామ! ఎవరైనా చూశారా?"

"నర్సు చూసింది."

మా ఆవిడ గోడకి తగిలించిన అగ్నిప్రమాద సూచనలను ఎంతో శ్రద్ధగా చదవసాగింది. నాలుగేళ్ళు! అంత పెద్ద వార్త నా పక్క దిండు మీద నాలుగేళ్ళు పడుకుంది, నాకు తెలియలేదు. నేను విలేకరినని ఊళ్ళో చెప్పుకు తిరిగాను.

"వదినా, అన్నయ్య గారికి బాగానే నప్పిందిలే" అంది మా ఆవిడ గోడ వంకే చూస్తూ.

వదిన గారు ముందు పళ్ళు కొరికారు. ఆ తర్వాత పెదవి ఒక పక్కకి వంగింది. ఇక ఆపుకోలేకపోయారు. అత్తగారికి ఏమీ అర్థం కాక కొడుకు చొక్కా పట్టుకుని గుంజుతుంటే, అమ్మాయి నవ్వుతూ, ముక్కు చీదుతూ మొత్తం ఇంగ్లీషులో చెప్పింది. అత్తగారు డాక్టరు గారి వైపు కొంచెం అనుమానంగా, కొంచెం గౌరవంగా చూసింది.

"అయితే దాన్ని నా కొడుకు మెడలో వెయ్యండి. వాడి ప్రాణం వాడి దగ్గరే ఉంటుంది."

వదిన గారే తీశారు. కూతురి తల మీంచి తీసి, మధ్యలో ఎక్కడా ఆగకుండా, అల్లుడి తల మీంచి వేశారు. ఎంత వేగంగా అంటే, పత్రికలో అయితే ఫొటో దొరికేది కాదు. అల్లుడు సూత్రాలు చొక్కా మీద సర్దుకుని ముగ్గురు రబ్బీల పక్కన బుద్ధిగా కూర్చున్నాడు. అత్తగారు ఎదురుగా నిలబడి వాడి ముఖం రంగు మారుతోందేమోనని కనిపెట్టుకుని ఉంది.

లోపల నీళ్ళ చప్పుడైంది. "కోషర్!" అంది లోపలి పెద్దావిడ. సరిగ్గా పడిందని అర్థం. తర్వాత అమ్మాయి గొంతు, హీబ్రూలో, కొంచెం వణుకుతూ. మళ్ళీ నీళ్ళు, మళ్ళీ "కోషర్". మూడోసారి ఆ మాట లోపలి పెద్దావిడ కంటే ముందు వదిన గారే అనేశారు.

తడిజుట్టుతో బయటికి వచ్చిన కూతుర్ని చూసి ఆవిడ అడిగింది ఒకటే: "చలేసిందా?"

ఈసారి గొలుసు అల్లుడి ఉంగరాల జుట్టులో చిక్కుకుంది. తల్లులిద్దరూ చెరొకవైపు లాగి విడదీశారు. ఇంకో గంటకి పక్క హాల్లోనే, నాలుగు కర్రల మీద ఎత్తి పట్టుకున్న పందిరి కింద, వాళ్ళ పద్ధతిలో మళ్ళీ పెళ్ళయింది. తొమ్మిదో నెల పెళ్ళికూతురు ఉంగరం వేలికి ఎక్కక చిటికెన వేలికి మార్చుకుంది. "ఈ ఫొటోలు ఇండియా వెళ్ళకూడదు" అని వదిన గారు నన్ను ప్రత్యేకంగా హెచ్చరించారు.

పన్నెండో రోజున ఆడపిల్ల పుట్టింది. మేం వెళ్ళేసరికి అత్తగారు బిడ్డని ఒళ్ళో పెట్టుకుని ఊగుతోంది.

"తల్లి యూదు కాబట్టి ఇది యూదు. ఇది యూదు కాబట్టి దీని పిల్లలూ యూదులే. ఇక ఇది ఎవరిని పెళ్ళాడినా నాకు దిగులు లేదు."

కూతురు ఆ మాటని తెలుగులో చెప్పగానే వదిన గారు చేతిలోని ఫ్లాస్కు ఠక్కున బల్ల మీద పెట్టారు.

"ఎవరిని పడితే వాళ్ళనా? నేనుండగానే?"