ఇమామ్ బీ తీసిన దిష్టి

అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో ఉండే ఇమామ్ బీ కొంగు కొసన ఎప్పుడూ ఎండుమిరపకాయలు మూటగట్టి ఉంటాయి. ఏడు నెలల మనవరాలు అల్ఫియా కక్కిందంటే చాలు, అంతకుముందు పిల్లను చూసిందెవరో గుర్తు చేసుకుని, వాళ్ల పేరు చెప్పి దిష్టి తీస్తుంది. కోడలు అతియా ఆఫీసుకు పోయాక, మధ్యాహ్నం పిల్లకు ఆవుపాల ఖీరు తినిపించేదీ ఆమే. పిల్ల లొట్టలేసుకుంటూ తింటుంది కాబట్టి ఖీరు మీద అనుమానం రాలేదు. సాయంత్రం పైగదిలో అద్దెకుండే విజయేందర్ జావా క్లాసు నుంచి వస్తూ బుగ్గ గిల్లిపోతాడు. వెనకే పిల్ల భళ్లున కక్కుతుంది. ఇంకేం, మెట్లెక్కేటప్పుడు మొహం గోడకు తిప్పుకోమని అతనికి హుకుం జారీ అయింది. అయినా కక్కులు ఆగలేదు. "వాని నజర్ గోడకు తాకి సుత మర్లొస్తుంది," అని తేల్చింది ఇమామ్ బీ.

ఓ రోజు పిల్ల కక్కి కక్కి తోటకూర కాడలా వాడిపోయింది. అత్తాకోడళ్లు పంజగుట్టలో పిల్లల డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తారు. ఇమామ్ బీ ఇంటికొచ్చిన వాళ్లందరి పేర్లూ ఏకరువు పెట్టింది. "ఎవరొచ్చారని కాదమ్మా, కక్కడానికి రెండు మూడు గంటల ముందు ఏం పెట్టారు?" అంది డాక్టరమ్మ. "ఆవుపాల ఖీరు," అంది ఇమామ్ బీ. "కొందరు పిల్లలకు ఆవుపాలు పడవమ్మా. ఆ సంగతి తిన్న వెంటనే బయటపడదు."

ఖీరు మానేశాక కక్కులూ మానాయి. ఓ సాయంత్రం విజయేందర్ అలవాటుగా గోడకు తిరిగి మెట్లెక్కుతున్నాడు.

"ఇటు మర్లు బిడ్డా," అంది ఇమామ్ బీ, పిల్లను అతని ముందుకు చాపి. "నీ కండ్లల్ల ఏం లేదు. ఉన్నదంతా నా చెంచాలనే ఉండె."

అతను మెల్లగా ఇటు తిరిగి నవ్వాడు. పిల్లా నవ్వింది. ఇమామ్ బీ కూడా నవ్వింది, కొంగు కొసన మూట ఉందో లేదో తడిమి చూసుకుంటూ.