లింగప్ప పేరుమీద బాకీ

ధర్మపురి బజారు వీధిలో లింగప్పది చీరల కొట్టు. పక్క కొట్టు నాది. సేలంలో నేత చీరల టోకు వ్యాపారి శ్రీనివాసప్ప బస్సు మీద మూటలు అరువుకు పంపేవాడు, లింగప్ప అమావాస్య దాటకుండా డబ్బు కట్టేవాడు. వానలు లేక పక్కనున్న ఇండూరు రైతులు కొట్టు మెట్లెక్కని ఏడాది కూడా, భార్య సాకమ్మ గాజులు కుదువపెట్టి కట్టాడు. అందుకే సేలం బజారులో ఎవరిని అడిగినా "లింగప్పకా? కండ్లు మూసుకొని ఇయ్యొచ్చు" అనేవారు. ఆ పేరు కాక అతనికున్న ఆస్తి ఒక గొడుగు, ఒక గజం బద్ద.

ఈ అరువు బేరంలో ఒక పద్ధతి ఉంది. ఎంత కట్టినా ఒక రూపాయి బాకీ ఉంచాలి. అదీ తీర్చేస్తే ఇక మీతో బేరం లేదని అర్థం. లింగప్ప ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. మగవాళ్ళం చెప్పాల్సినవి తప్ప అన్నీ చెబుతాం.

1941లో విషజ్వరం వచ్చి లింగప్ప పోయాడు. అప్పు మిగిలితే పోయినవాడికి దారి దొరకదని సాకమ్మ నమ్మకం. కర్మకు ముందే తను పెంచుకున్న మేకలన్నీ అమ్మి, చివరి రూపాయితో సహా సేలానికి పంపించింది. "ఆయన ఎవురికీ బాకీ లేకుండా పోయినాడు" అని గర్వంగా చెప్పుకుంది.

తర్వాత కొట్టు తెరిచి కూర్చుంది. సేలం బస్సు వచ్చినప్పుడల్లా లేచి నిలబడేది. బెల్లం దిగేది, తమలపాకులు దిగేవి, చీరల మూట మాత్రం దిగేది కాదు. ఆమె చూసింది మూట కోసమే అని నేననుకోను. మూట విప్పగానే లింగప్ప మొదటి చీర ఆమె భుజం మీద వేసి రంగు చూసేవాడు. ఆ చెయ్యి కోసం ఆమె ప్రాణం కొట్టుకునేది.

వేరే వ్యాపారులకు కబురు పెట్టింది. వాళ్ళు శ్రీనివాసప్ప దగ్గర వాకబు చేశారు. లెక్క మూసేశారని ఆయన చెప్పడంతో ఎవరూ సరుకు పంపలేదు. చివరికి కమ్మలు అమ్మిన డబ్బు కొంగున కట్టుకుని తనే సేలం వెళ్ళింది.

"మూటలెందుకు పంపలేదన్నా?"

"నువ్వే కదమ్మా పైసా లేకుండా తీర్చేసినావు. కొట్టు ఎత్తేసినారనుకుంటిమి." శ్రీనివాసప్ప ఆ రూపాయి సంగతి చెప్పాడు.

"ఇప్పుడైనా మించిపోలేదమ్మా," అన్నాడాయన. "నీ పేరుమీద కొత్త లెక్క పెట్టుకో. అయితే నిన్ను ఈ బజారులో ఎవురూ ఎరగరు, నీకంటూ పేరొచ్చేదాకా రొక్కమిచ్చే కొనల్ల. లింగప్ప పేరుమీదే తెరుస్తానంటే ఈపొద్దే మూట కట్టిస్తాను. కానీ బాకీ ఆయన మీదే ఉంటాది."

సాకమ్మ కొంగు ముడి మీద చెయ్యి వేసింది, విప్పలేదు.

"ఆయన పేరుమీదే రాయన్నా," అంది. "అంతా తీర్చి పంపించేసినాను. ఇప్పుడు ఇంట్లో యాడ చూసినా లేడు. బాకీ ఉంటే, ఇంకా ఈడనే ఉన్నట్టుంటాది."