వంతెన తోకను కాచిన ఉస్తాదు

మా మేనమామ పోయిన మంగళవారం బీర్పూర్‌లో కన్నుమూశాడు. ఫోన్ వచ్చేసరికి నేను జగిత్యాలలో, పాఠాలు చెప్పే చిన్న ప్రైవేటు కాలేజీలో, సివిల్ డిప్లొమా పిల్లలకు బోర్డు మీద వంతెన బొమ్మ గీస్తున్నాను. ఊపిరితిత్తులు రెండేళ్లుగా సతాయిస్తున్నాయి కాబట్టి అనుకోని కబురని అనలేను. అయినా పిల్లలకు ఏం చెప్పాలో తోచక బొమ్మంతా తుడిచేసి బయటికొచ్చాను. ఎందుకు తుడిచానో ఇప్పటికీ తెలియదు.

ఊళ్లో ఆయన్ని ఎవరూ పేరుతో పిలవలేదు. ఉస్తాద్ అనేవారు. సైన్యంలో ఇంజనీర్ల పటాలంలో చేరి, కొత్త సిపాయిలకు ఇనుప వంతెనలు కట్టడం నేర్పేవాడు. యుద్ధంలోనో వరదలోనో దారి తెగిపోతే, లారీల్లో చట్రాలు తెచ్చి, పిన్నులతో ఒకదానికొకటి కలిపి, గంటల్లో బండ్లను దాటించే వంతెనలవి. మామ పుట్టింది తాటిచెట్లెక్కి కల్లు గీసే ఇంట్లో. మా తాత పొద్దున్నే చెట్టెక్కే ముందు మోకును, అంటే నడుముకూ చెట్టుకూ కలిపి చుట్టుకునే తాడును, జానెడు జానెడు వేళ్లతో తడిమి చూసేవాడట. "కన్ను మోసం జేస్తది, చెయ్యి జెయ్యది" అన్నది తాత మాట. మామ దాన్ని పటాలం దాకా మోసుకుపోయాడు. ఆయన దగ్గర నేర్చుకునే సిపాయి పిన్ను పెట్టగానే దాన్ని చేత్తో తడిమి, తన పేరు గట్టిగా చెప్పాలి. ఎవరూ పేరు చెప్పని పిన్నును మామ ఊడబీకి మళ్లీ పెట్టించేవాడు.

సెలవుల్లో వస్తే నాకూ పాఠాలే. నా స్కేలును బల్ల అంచు మీంచి బయటికి నెట్టి, వెనక కొసను వేలితో అదిమి పట్టేవాడు.

"గీ వేలు తీస్తె ఏమైతది బిడ్డా?"

"పడ్తది మామా."

"గంతే. వంతెనను గిట్లనే ఒక ఒడ్డు నుంచి నూకుతం. ముక్కు అవతలి ఒడ్డు మీద కూసునేదాంక తోక మీద బరువుండాలె. మనుషులు నిలబడ్డా సరే, హుకుం లేంది దిగొద్దు. ముక్కును లోకమంత జూస్తది. తోకను జూసెటోడే ఉస్తాదు."

ఆయన ఉద్యోగం చివరి రోజుల్లో ఆ తర్ఫీదు చిక్కిపోయింది. మీట నొక్కితే విచ్చుకునే వంతెనలు బండ్ల మీద వచ్చాయి. వాటి మీద మామకు కోపం లేదు. "మిషిన్ మంచిదే. మిషిన్ పోని కాడికి ఎవడు పోవాలె?" అనేవాడు, అంతే. చేత్తో కట్టే పాఠం వారాల నుంచి రోజులకు దిగింది. తోక పాఠం తెర మీద వీడియోగా మిగిలింది. ఒడ్డున కూర్చోబెట్టి ఈత నేర్పినట్టే. ఆయన ఆఖరి బ్యాచ్ నిజమైన వంతెనను ఒక్కసారి కూడా నీళ్ల మీదికి నెట్టలేదు. అందరూ నేర్చుకున్నారని కాగితం మీద సంతకం పెట్టింది మాత్రం మా మామే.

ఎవరైనా బలవంతం చేశారా అని ఒకసారి అడిగాను. "ఎవలు జెయ్యలె. పింఛను దగ్గరికొచ్చె, లొల్లెందుకని పెట్టిన" అన్నాడు.

ఆయన రిటైరై వచ్చిన మరుసటి వానాకాలం, కొండల్లో ఒక వాగు మీద ఆ బ్యాచ్ కుర్రాళ్లు వంతెన నెట్టారు. ముక్కు అవతలి ఒడ్డుకు బెత్తెడు దూరంలో ఉండగానే, అందిందనుకుని తోక మీదివాళ్లు సంబరంగా దిగి ముందుకు ఉరికారు. తోక లేచింది. ముక్కు దగ్గర ఉన్న పిల్లవాడు ఇనుముతో పాటు నీళ్లలోకి పోయాడు. అతనిది ఎల్లారెడ్డిపేట. మన దిక్కు పిల్లగాడని మామకు అతనంటే ప్రాణం.

ఆ పిల్లవాడి దినాలయ్యాక మామ వాళ్లమ్మ దగ్గరికి పోయి సంతకం సంగతి చెప్తానన్నాడు. జెండా కప్పి ఊరంతా సాగనంపిన కొడుకు గురించి ఇప్పుడీ మాట ఎందుకని నేను వద్దన్నాను. వినలేదు. తోడు వెళ్లాను. ఆమె ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. కూర్చోమన్నా కూర్చోకుండా, మామ నిలబడే చెప్పాడు.

"అమ్మా, నీ కొడుక్కు, వాని సోపతిగాళ్లకు నేర్పేది నేను పురాగ నేర్పలె. నేర్పిన్నని సంతకం పెట్టిన."

ఆమె చేతులు ఆగాయి. "నేర్పకుంట ఎట్ల పెట్టినవ్ సారూ?"

మళ్లీ ఆకు చేతిలోకి తీసుకుని ఆమే "ఇగ పోండ్రి" అంది.

చచ్చేలోగా ఒక్క బ్యాచ్‌కైనా సాంతం నేర్పాలన్న పట్టు ఆయనకు అప్పుడే పుట్టింది. కోరుట్లలో తెలిసిన వడ్రంగి భాయి చేత టేకు చట్రాలు చేయించాడు. "ఉస్తాద్, అందరు తలుపులు జేయించుకుంటరు, నువ్వు వంతెన జేయిస్తున్నవ్" అని భాయి నవ్వాడు. నా విద్యార్థులను పంపమన్నాడు మామ. ఒక ఆదివారం పన్నెండు మందిని తీసుకెళ్లాను. ఇంటి వెనక పంటకాలువ మీద పని మొదలైంది. పిల్లలు పిన్ను పిన్నుకూ పేర్లు అరుస్తుంటే దారినపోయేవాళ్లు ఆగి చూశారు. మామ ముఖంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. ముక్కు అవతలి గట్టుకు చేరుతుండగా, తోక మీది నలుగురూ ఫోన్లు తీసి సెల్ఫీ కోసం ముందుకు ఉరికారు. చట్రమంతా కాలువలో పడింది. పిల్లలు పడీపడీ నవ్వారు. మామ మోకాళ్లలోతు నీళ్లలో నిలబడి "మల్ల కడుదాం" అన్నాడు.

మరుసటి ఆదివారం ముగ్గురొచ్చారు. ఆ పై ఆదివారం ఎవరూ రాలేదు. ఇందులో మార్కులు లేవు కదా మేడమ్ అన్నారు. నేను వాళ్లను తిట్టలేదు. తిట్టే మొహం నాకు లేదు. కాలేజీలో జరగని ప్రాక్టికల్స్ జరిగినట్టు రాసిన కాగితాల మీద నేనూ సంతకాలు పెడుతున్నాను. మామ కథంతా తెలిసే పెట్టాను. ఈ ముక్క దాచి ఆయన గురించి రాస్తే ఆయన్ని అవమానించినట్టే.

అప్పుడప్పుడు ఫోన్ చేసేవాడు.

"గీ ఐతారం అస్తరా?"

"పరీక్షలున్నయ్ మామా."

"మంచిది తియ్ బిడ్డా, పరీక్షలైనంక రాండ్రి."

అలా రెండేళ్లు పరీక్షలే అయ్యాయి. కొట్టంలో ఉన్న చట్రాలకు ఆయనే నూనె రాసి, బిగుసుకున్న పిన్నులు తీసి మళ్లీ పెట్టేవాడు. దగ్గు ముదిరాక అదీ మానేశాడు. వంతెనంటే బొమ్మ కాదని, దాని మీద ఎవరి కొడుకో నడుస్తాడని నాకు నేర్పినవాడు ఆయనే. ఆ రుణం నేను తీర్చుకోలేదు.

మామ పోయిన కబురు ఎల్లారెడ్డిపేట తల్లికి నేనే చెప్పాను. వస్తుందనుకోలేదు. సిరిసిల్లలో ఒక బస్సు, జగిత్యాలలో ఒక బస్సు మారి వచ్చింది. మామ కాళ్ల దగ్గర కాసేపు నిలబడింది. ఏడవలేదు. తరవాత నా దగ్గరికి వచ్చింది.

"ఏటా నా కొడుకు దినం నాడు అచ్చి, గుమ్మం బయటనే నిలబడి పోయెటోడు బిడ్డా. పోయినేడు కూసోమన్న. ఒక్క బ్యాచుకన్న పురాగ నేర్పి సస్తనన్నడు." కొంగుతో ముఖం తుడుచుకుంది. "నేర్పిండా?"

డప్పులు మొదలయ్యాయి. నాకు వినపడలేదనుకుందేమో, ఆమె ఇంకో అడుగు దగ్గరికి జరిగి, నా మొహంలోకే చూస్తూ నిలబడింది.